నీలం ఫ్యూజు

మొదటి పాటు

మా ఇంట్లో ఎవరూ నా మొహం చూడరు. గోడ మీది పలక చూస్తారు. పలకలో నా గడి నీలానికి తిరిగితే చాలు, "సువార్తకి భయమేస్తోంది" అని ఒకరికొకరు చెప్పుకుంటారు, నేను ఆ గదిలో లేనట్టు. పలకకు ఆ రంగు పంపేది నా చేతికున్న నాడిపట్టీ. దానికి గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోందో తెలుస్తుంది. ఎందుకు కొట్టుకుంటోందో దానికేం తెలుసు? మెట్టనున్న కాలేజీలో చదివేటప్పుడు, పరీక్షలో జవాబు తట్టిన క్షణాన కూడా నాది నీలమే. వంతెన అంచున కూర్చుని దూరం పోయే బళ్ళను చూసినా నీలమే. ఈ మాట నాన్నతో అన్నాను. "భయమని ఒప్పుకుంటే తప్పేముందమ్మా" అన్నాడు ఎంతో ప్రేమగా. అంతకంటే తిట్టినా బావుండేది.

కొత్త చెయ్యి, అంటే కొత్తగా బండి తోలే మనిషి, తన బండి చిట్టా తానే రాయాలని బళ్ళ వరసను నడిపే వరస పెద్ద నియమం. బండి గురించే రాయాలన్నారు. నేను రాస్తున్నదీ బండి గురించే. మా వాళ్ళు నా నాడికీ బండికీ ముడిపెట్టారు కాబట్టి నాడి దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చింది.

పాటు తీసి, వంతెన కింద నీళ్ళు వెనక్కి పోయి బురద తేలగానే బండి దింపాను. ఏటిపాయ దాటి, గాలిలోని మంచును పట్టే మంచు వలల దగ్గరికి పోయి, వాటికింద చేరిన మంచినీళ్ళు పీపాలకెత్తుకుని రావాలి. వంతెన మీద మా స్తంభం దగ్గర ఇళ్ళున్న వాళ్ళందరికీ తాగేవి ఆ నీళ్ళే. ఎక్కడా ఆగకుండా పోయి వస్తే చెయ్యి కుదిరినట్టు లెక్క. చెయ్యి కుదిరితే ఉప్పు వేసుకుని మెట్టకు పోయే దూరపు వరసలో మా స్తంభం బండి నాది. పెద్ద పోటు రాకముందే వరస కదిలిపోతుంది. ఆ తర్వాత ఏడాది ఆగాలి.

ర్యాంపు బాగానే దిగింది. బురద మీద వెడల్పాటి చక్రాలు చప్పుడు లేకుండా పోయాయి. ఏటిపాయలోకి దిగి అవతలి గట్టుకు ముక్కెత్తానో లేదో, లోపలెక్కడో టప్పుమంది. బండి ముందు కన్ను చీకటైపోయింది. దారి చూసే ఆ కన్ను ఆరితే ఈ బళ్ళు అంగుళం కదలవు. పెట్టె మూత తీస్తే రెండు కాళ్ళ నీలం ఫ్యూజు కడుపులో తీగ తెగి మసిబారి ఉంది. పదిహేను ఆంపియర్లది. బండి పాయ అడుగుకు వెనక్కి జారాక కొత్తది గుచ్చాను. కన్ను వెలిగింది. ముక్కు పైకెత్తగానే మళ్ళీ టప్పు.

కాసేపటికి మా అన్నయ్య దానియేలు ఇంకో బండిలో వచ్చాడు, నవ్వుకుంటూ.

"పలకలో నీలం చూసి అప్పుడే అన్నా నాన్నతో, ఏటిపాయలో కూలబడుంటదని."

"ఫ్యూజు పోయింది."

"పోద్ది మరి. తోలేవాళ్ళు జడుసుకుంటే బండి తనంతట తాను ఆగాలని గదా కట్టారు వీటిని. ఆగాలంటే ఏదోటి కొట్టేసుకోవాలి. ఫ్యూజు కొట్టేసుకుంది."

ఇదెక్కడి తర్కమో నాకు అర్థం కాలేదు. తయారుచేసినవాళ్ళు లేరు, అడుగుదామంటే. అన్నయ్య ముందుకెళ్ళి మూతి కింద కొక్కేనికున్న తాళం చెవుల గొలుసు విప్పి నా ఒళ్ళో పడేశాడు. కుదిరిన చెయ్యి గొలుసుతో తోలితే వంతెన వంతెనంతా నవ్వుతుంది. అది కొత్తవాళ్ళకే. బురదలో మునిగిపోయిన ఇళ్ళ తాళం చెవుల్ని రాగితీగకు గుచ్చి కడతారు. బండికి ఇల్లు గుర్తుంటే తిరిగొస్తుందని. మా గొలుసు నాన్న కట్టాడు. అందులో పెద్ద ఇత్తడి చెవి, అమ్మ చివరిసారి తాళం వేసి దిగిన ఇంటిది.

అన్నయ్య ఇంకో ఫ్యూజు గుచ్చి, నన్ను పక్కకు జరిపి బండెక్కాడు. బండి మేకలా గట్టెక్కింది. పోయింది, వచ్చింది, ఎక్కడా ఆగలేదు.

రాత్రి అన్నాల దగ్గర అందరూ పలక వంకే చూశారు. అదే బాధ.

రెండో పాటు

నాన్న మళ్ళీ గొలుసు కట్టిన బండిని పొద్దున్నే శుభ్రం చేశాను. ఫ్యూజు పెట్టెలో ఉప్పు పేరుకుంటే గోకాను. ఫ్యూజు కాళ్ళు గుచ్చుకునే చోట్లు గుడ్డతో తుడిచాను. తీగలన్నీ ఊపి చూశాను. వంతెన మీద నిలబెట్టినప్పుడు కన్ను నిక్షేపంగా వెలుగుతోంది. గంటసేపు వెలిగింది. ఫ్యూజు వేడి కూడా ఎక్కలేదు.

అప్పుడొక పిచ్చి ఆలోచన వచ్చింది. అన్నయ్య చెప్పిందే నిజమేమో చూద్దామని నాడిపట్టీ తీసి దిండు కింద పెట్టి పోయాను. నాడి తెలియకపోతే బండికి నా భయమెలా తెలుస్తుంది?

ఏటిపాయ, అవతలి గట్టు, టప్పు. నిన్నటి చోటే.

అన్నయ్యే వచ్చాడు. గొలుసు విప్పాడు, ఎక్కాడు, తోలాడు. ఇంటికొచ్చేసరికి నాన్న వాకిట్లో దారి చూస్తూ నిలబడి ఉన్నాడు. పట్టీ తీసేసరికి నా గడి ఖాళీ అయింది, మనిషి చనిపోతే తప్ప పలకలో గడి ఖాళీగా ఉండదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"పట్టీ తీసి పెట్టిపోతే భయం కూడా ఇంట్లోనే ఉండిపోద్దనుకున్నావా?" అని అన్నయ్య నవ్వాడు.

నాన్న నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని పట్టీ తానే కట్టి, రెండుసార్లు లాగి చూశాడు. తర్వాత కిందికి వంగి గొలుసు కూడా మళ్ళీ కొక్కేనికి కట్టాడు, ముడి మీద ముడి వేసి.

నేను తోలితే ఆగుతుంది, వాడు తోలితే ఆగదు. బండి అదే, దారి అదే, ఫ్యూజూ అదే. మారింది నేనొక్కదాన్నే. ఇలా లెక్క వేసుకుంటే వాళ్ళు చెప్పేదే జవాబవుతోంది. కాలేజీలో ఇలాంటి జవాబు రాస్తే మార్కులు కూడా వేసేవారు. నాకే నా మీద అనుమానం మొదలైంది.

మూడో పాటు

ఇవాళ రూతు వదిన నాతో వస్తానంది. అన్నయ్య పెళ్ళాం. నాకంటే రెండేళ్ళు పెద్దది. వంతెన మీద అందరి నోళ్ళూ మూయించగల మనిషి.

"నువ్వు తోలు, నేను పాట పాడతా. ఇద్దరాడోళ్ళని చూసి బండే జడుసుకోవాల" అంది.

గుచ్చి ఉన్నదానితో కలిపి బండిలో ఇక ఉన్నవి రెండే నీలం ఫ్యూజులు. మెట్ట నుంచి వరస తిరిగొస్తే తప్ప కొత్తవి దొరకవు. వంతెన మీద ఒకరినొకరు ఉప్పయినా అడుగుతారు గానీ ఫ్యూజు అడగరు.

ఏటిపాయ అడుగున బండి నిలిపి, గట్టు మీదికి ముక్కెత్తే ముందు ఊపిరి బిగబట్టాను. వదిన పాట ఆపేసింది.

టప్పు.

"ఏంటే అది?"

"అదే వదినా."

నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఒకటుంది. ఇవాళ పోటు తొందరగా తిరిగింది. ఏటిపాయ అడుగున నీళ్ళు అప్పటికే సన్నగా పైకి పాకుతున్నాయి. పోటు ముందు ఏటిపాయలోకే వస్తుంది, బురద మీదికి తర్వాత. బండి మునిగితే లోపలి పెట్టెలన్నీ ఉప్పుపట్టి పనికిరాకుండా పోతాయి. మా స్తంభానికి ఉన్నవి రెండే బళ్ళు.

వదిన గుడ్డ ఊపి అన్నయ్యను పిలిచింది. వాడు ఎగువన బళ్ళు దాటే పై రేవు దగ్గర ఏరు దాటి, అవతలి గట్టు మీదికి మా ముందువైపుగా వచ్చాడు. వస్తూనే లాగడానికి ఇనుప తీగ తీశాడు.

"అది కాదన్నయ్యా. తెగితే కొరడా దెబ్బే. నార తాడు తియ్యి, లావుది."

"ఒక్క గుంజు గుంజితే వచ్చే బండికి ఇంత సంబరమా?"

"గుంజితే ముందు తెగేది తాడు. తర్వాత తెగేది నీ పెళ్ళాం మెడ. గుంజొద్దు. తాడు బిగిసిందాకా నెమ్మదిగా పో, బిగిశాక లాగు."

వదిన అన్నయ్య వంక చూసింది. అన్నయ్య నార తాడు తీశాడు.

దిగబడిన బండిని లాగేటప్పుడు వెనక బండి మాటే మాట. ఇది మా బురద మీద పాత కట్టుబాటు. ముందు బండి లాగుతుందే గానీ, రెండూ గుద్దుకోకుండా ఆపే బ్రేకు వెనక బండి కాలి కింద ఉంటుంది కాబట్టి. అన్నయ్యకు ఒళ్ళు మండినా దానికి ఎదురు చెప్పలేడు.

"దిగబడ్డోళ్ళు పెత్తనం చేసే ఊరు ఇదొక్కటే" అని మాత్రం గొణిగాడు.

తాడు బంపరుకు కట్టకూడదు, ఊడి వచ్చేస్తుంది. కింద చట్రానికి అతికి ఉన్న కొక్కేనికి కట్టాలి. ఆ కొక్కేనికి గొలుసు ఉంది. నాన్న వేసిన ముళ్ళు విప్పడానికి గోళ్ళు విరిగాయి. విప్పి గొలుసు వదిన చేతికిచ్చాను. తాడు తగిలించి, దాని నడిమధ్యన తడి గోనెసంచి వేలాడేశాను, ఒకవేళ తెగినా ఎగరకుండా కింద పడేట్టు. చేత్తో తిప్పే మీట తిప్పి చక్రాల్ని మోటారు నుంచి విడదీశాను. లేకపోతే లాగినకొద్దీ మోటారు కూడా తిరిగి కాలిపోతుంది. వదినను బండిలోంచి దిగి గట్టు మీద దూరంగా నిలబడమన్నాను.

"తాడు పొడుగు కంటే దూరంగా."

"అంత దూరం పోతే నా మొగుడి తిట్లు వినబడవే."

"నేను చెప్తాలే తర్వాత."

అన్నయ్య బండి కదిలింది. తాడు బురదలోంచి లేచి, నీళ్ళు కారుస్తూ బిగిసింది. కరెంటు లేని స్టీరింగు బండరాయిలా ఉంది. రెండు చేతులా పట్టుకుని, కాలు బ్రేకు మీద తేలికగా ఆనించి కూర్చున్నాను. వెనక నీళ్ళు చక్రాల్ని తాకుతున్న చప్పుడు వినబడింది. గట్టు మధ్యలో చక్రాలు ఒకసారి జారాయి. తాడు ఊగింది. ఆగమని నేను గుడ్డ ఎత్తాను. అన్నయ్య ఆగాడు. మళ్ళీ బిగించాడు, మళ్ళీ లాగాడు.

బండి గట్టు మీదికి వచ్చాక చూసుకుంటే నా నాడిపట్టీ నీలంగా ఉంది. చేతులు మాత్రం వణకడం లేదు. ఇదేమిటో మరి.

అన్నయ్య తన సంచిలోంచి పచ్చ ఫ్యూజు తీశాడు. ముప్పైది.

"ఇది గుచ్చు. పీడా పోద్ది. నా బండిలో ఎన్నాళ్ళ నుంచో ఇదే."

"పదిహేను ఉండాల్సిన చోట ముప్పై పెడితే ఫ్యూజు పోదు. తీగ కాలుద్ది. తీగ కాలితే బండి కాలుద్ది."

"భయం."

"అవునన్నయ్యా, భయమే. ఆ ఉన్న ఒక్క నీలమే పెడతా."

నీలం ఫ్యూజు పెట్టాను. కన్ను వెలిగింది. మంచు వలల దగ్గర నీళ్ళెత్తుకున్నాం. తిరుగు దారిలో ఏటిపాయ అడుగు నిండిపోయింది కాబట్టి పై రేవు గుండా రమ్మని అన్నయ్య ముందు పోయాడు. పై రేవు గట్టు ఇంకా నిలువుగా ఉంటుంది. నిండు పీపాలతో ఆగితే ఈసారి లాగడం కూడా కుదరదు. నోరెండిపోయింది. ముక్కెత్తాను.

ఏమీ కాలేదు. బండి ఎక్కేసింది.

వదిన కేక పెట్టి నా వీపు మీద చరిచింది. నాకు మాత్రం సంతోషం రాలేదు. ఎందుకెక్కింది? తోలింది నేనే. పట్టీ నీలంగానే ఉంది. ఉన్నది ఒకే ఒక్క ఫ్యూజు. ఏ కారణంగా ఆగుతోందో తెలియనప్పుడు ఎంత దిగులు పడ్డానో, ఏ కారణంగా ఆగలేదో తెలియనప్పుడు అంతకంటే ఎక్కువ దిగులు పడ్డాను.

అదే పాటు, ర్యాంపు కింద

వంతెన కనబడగానే వదిన ఆపమంది. ఒళ్ళో ఉన్న గొలుసు చూపించింది.

"మావయ్య పైనుంచి చూస్తంటాడే. అత్తయ్య తాళం లేకుండా పోతే ఆయన మనసు గిలగిల్లాడుద్ది. కట్టేసి వస్తానుండు."

దిగి కట్టేసి వచ్చింది. పైన అంచు పొడుగునా జనం వాలారు. మేము పై రేవు దాటిన సంగతి అన్నయ్య అప్పటికే చెప్పినట్టున్నాడు. నాన్న రెండు చేతులూ ఊపుతున్నాడు. ర్యాంపు ఎక్కితే చాలు.

ముక్కెత్తాను. టప్పు.

పైనుంచి ఎవరో, "అయ్యో, గుమ్మం దాకా వచ్చి!" అన్నారు. ఇంకెవరో, "తండ్రిని చూసేసరికి పిల్లకి గుండె జారింది" అన్నారు. నాకు నిజంగానే గుండె జారింది. ఇంతమంది ఇన్నిసార్లు చెప్తున్నారు కదా, ఇక ఒప్పేసుకుంటే పోలా అనిపించింది. ఏడుపు రాకుండా ఉండాలంటే చేతులకు ఏదోటి పని కావాలి. బండి కిందికి దిగాను. చక్రాల వెనక రాళ్ళు పెట్టాను. ముందుకొచ్చి, ఎందుకో నాకే తెలియకుండా, ర్యాంపు మీద చతికిలబడి బండి మూతి వంక చూస్తూ కూర్చున్నాను.

బండి ముక్కు ఆకాశానికి ఉంది. గొలుసు మాత్రం నిటారుగా వేలాడుతోంది. నేల మీద నిలబెట్టినప్పుడు అది బంపరుకు బెత్తెడు ముందుంటుంది. ఇప్పుడలా లేదు. ముక్కు లేచేసరికి అది వెనక్కి ఊగి, బంపరు కింద నుంచి లోపలికి దూరి, ముందు కన్నుకు పోయే తీగకు ఆనుకుని ఉంది. వంగి చూశాను. వంతెన మీద ఎన్నిసార్లు తుడిచినా కనబడని చోటు అది. ముక్కు లేస్తే తప్ప వెలుగు పడదు. తీగ తొడుగును ఎలుకలు కొరికి పెట్టాయి. ఎర్రటి రాగి బయటికి తేలి ఉంది. దానికి ఆనుకుని, అమ్మ తాళం చెవి.

చెవి తిప్పి చూశాను. అంచున ఐదు నల్లటి మచ్చలు, నిప్పురవ్వ ఆకారంలో.

తీగలో కరెంటు ఇత్తడి చెవిలోకి, చెవి నుంచి రాగి గొలుసులోకి, గొలుసు నుంచి కొక్కెంలోకి, కొక్కెం నుంచి బండి ఒళ్ళంతా. ఫ్యూజు కొట్టేసుకోక ఏం చేస్తుంది? అన్నయ్య తోలినప్పుడల్లా గొలుసు విప్పి నా ఒళ్ళోనే పడేశాడు. రెండు రోజులూ అది నా ఒళ్ళోనే ఉంది. నేను దాన్ని చూడలేదు. బండిలో ఉన్నవన్నీ విప్పి చూశాను గానీ నాన్న కట్టినదాన్ని బండిలో భాగమని అనుకోలేదు.

అన్నయ్య పచ్చ ఫ్యూజు పట్టుకుని దిగి వచ్చాడు. తీగ చూపించాను. ముప్పైది గుచ్చి ఉంటే ఆ తీగ ఎర్రగా కాలి ఉండేదని వాడికీ తెలుసు. ఫ్యూజు జేబులో వేసుకున్నాడు.

"తాడు తేనా?" అన్నాడు.

"నారది."

ఇంటిముందు వరకూ మా బండిని అన్నయ్య బండే లాగింది. పెత్తనం వెనక బండిదే.

పోటు

వరస పెద్ద వచ్చి చిట్టా చదివాడు. తీగ చూశాడు. పొరపాటు బండిదే, పిల్లది కాదని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, "అయినా కట్టుబాటు కట్టుబాటే" అన్నాడు. ఆగకుండా తిరిగి వస్తేనే గొలుసు తీయాలి. గొలుసు తీసి తిరిగితే ఆ తిరుగుడు లెక్కలోకి రాదు. గొలుసుంటే బండి తిరిగి రాదు కదండీ అన్నాను. తీగకు గుడ్డ చుట్టి, గొలుసుతోనే వచ్చే పాటుకి ప్రయత్నించమన్నాడు. వచ్చే పాటుకి దూరపు వరస కదిలిపోతుంది. ఆయనకూ ఆ మాట గుర్తొచ్చి, గడ్డం గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

నాన్న గొలుసు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తాళం చెవి మీది మచ్చల్ని బొటనవేలితో రుద్దుతున్నాడు. పోవడం లేదు.

"నిన్ను ఆపాలని కట్టలేదమ్మా."

"తెలుసు నాన్నా."

"తిరిగి రావాలని కట్టా."

"అదీ తెలుసు."

"మీ అమ్మ తాళం వేసి, చెవి నా చేతిలో పెట్టి, 'పోగొట్టబాక' అంది. ఆ ఒక్క మాటే పట్టుకున్నా ఇన్నాళ్ళూ." పలక వంక చూశాడు. నా గడి నీలంగా మెరుస్తోంది. "బండి సంగతి తేలింది సరే. మరి ఇదేంది తల్లీ? ఇది అబద్ధమా?"

అబద్ధమని చెప్పబోతుంటే దారంతా గుర్తొచ్చింది. పై రేవు దగ్గర నోరెండిపోయింది. ఏటిపాయలో నీళ్ళ చప్పుడు వినబడ్డప్పుడు గుండె జోరందుకుంది. పరీక్షలో జవాబు తట్టినప్పుడూ అలాగే ఉండేది. రెండూ ఒకటేనా? వేర్వేరా? నాకు తెలియదు. ఇన్నాళ్ళూ వాళ్ళు నన్ను తప్పుగా చదివారని దెబ్బలాడాను. సగం సరిగ్గానే చదివారేమో.

"అబద్ధం కాకపోవచ్చు నాన్నా. భయమే అయ్యుండొచ్చు."

"మరి భయపడతా ఎట్టా పోతావే అంత దూరం?"

"పై రేవు ఎట్టా ఎక్కానో అట్టా."

నాన్న పలక మీంచి కళ్ళు తిప్పాడు. నా మొహం వంక చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి, గొలుసు తీసుకెళ్ళి పలక పక్కనున్న మేకుకు తగిలించాడు.

తీగకు రెండు పొరలు గుడ్డ చుట్టి, పైన తారు పూశాను. రూతు వదిన అన్నయ్య సామాన్ల పెట్టెలోంచి నీలం ఫ్యూజులు తీసి తెచ్చింది. ఉన్నవాటిలో సగం. "అడిగి తెచ్చావా?" అన్నాను. "కట్టుకున్నదాన్ని. అడగడం దేనికి?" అంది. నార తాడు కూడా చుట్ట చుట్టి బండిలో పడేసింది.

చెయ్యి కుదిరిందని వరస పెద్ద చిట్టాలో రాయలేదు. ఆ మాట రాయాల్సిన జాగా ఖాళీగా ఉంది. ఖాళీగానే ఉండనీ, ఆయన రాతకోసం ఏడాది ఆగను.

వచ్చే పాటు తీయగానే బండికి ఉప్పు ఎత్తి, దూరపు వరస వెనక చివరి బండిగా కలుస్తాను. గొలుసు కట్టను. నాడిపట్టీ పెట్టుకునే వెళ్తాను. నీలంగా ఉంటే ఉంటుంది. మెట్టకు పోతున్నాను.